ఎవులూ నేరు

మా అత్తవారి వైపు "లేరు" అనరు, "నేరు" అంటారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అరవైల చివరి రోజులు. చీపురుపల్లి దగ్గర పల్లెకు కొత్తగా కాపురానికి వచ్చాను. బొబ్బిలిలో కళ్ళ ఆపరేషన్ల క్యాంపు పెడుతున్నారని చెప్పడానికి ఒకాయన ఇల్లిల్లూ తిరుగుతూ మా గుమ్మంలోకి వచ్చాడు. "ఈ ఇంట్లో చూపు ఆననివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"ఎవులూ నేరు బాబూ," అన్నారు మా మామగారు.

ఆయన కన్నతల్లి, మేమంతా మామ్మ అని పిలిచే మనిషి, ఆయన పక్కనే అరుగు మీద కూర్చుని ఉంది. రెండు కళ్ళకూ శుక్లాలు. కంచం తడుముకుని అన్నం తినేది. ఆవిడ పక్కనుండగా ఎవరూ లేరట! అబద్ధమాడానని కూడా ఆయనకు తోచలేదు చూడండి, అదీ నా కడుపుమంట.

తలుపు చాటున ఉండాల్సిన కోడలిని, చీపురు అక్కడే పడేసి బయటికొచ్చేశాను. "మామ్మ ఉందండీ! మేం తీసుకొస్తాం," అన్నాను.

మామగారు గుడ్లురిమారు. "ముసిల్దానికి కళ్ళేటి ఇప్పుడు? సూసి ఏటి సేస్తాది? పొలం దున్నుతాదా?"

"అయితే దున్నేవోలకేనేటి మావా కళ్ళు?"

నాకు నోరెక్కువని ఊరంతా అన్నారు. అననీ! మామ్మ మాత్రం నా చెయ్యి దొరకబుచ్చుకుని, "నన్ను తీసుకెల్లే. సచ్చిపోయేలోగా ఓపాలి మడుసుల మొకాలు సూడాల," అంది.

తండ్రికి చెప్పకుండా మా ఆయన బండి కట్టారు. ఆపరేషన్ బాగానే అయింది. దళసరి అద్దాలు పెట్టుకుని మామ్మ మళ్ళీ అరుగెక్కి, దారినపోయే వాళ్ళందరినీ మురిపెంగా పలకరించేది. వాళ్ళూ పలికేవారు. "బాగున్నావేటి మామ్మా," అంటూనే ఎద్దుల వంకో, వీధి చివరికో చూస్తూ సాగిపోయేవారు. కన్నకొడుకూ అంతే. "తిన్నావేటి?" అని గోడతో అన్నట్టు అనేసి లోపలికి పోయేవారు.

కొన్నాళ్ళకు మామ్మ పలకరించడం మానేసింది. అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

"కళ్ళు నొప్పెడతన్నాయేటి మామ్మా?" అని అడిగాను.

"నేదే. సూపు నేని రోజుల్లో, అందరూ నా మొకం సూసే మాటాడతన్నారనుకునీదాన్ని," అంది.