ఆపని ఇంజన్

బంగారరాజు కాలుగాలిన పిల్లి. ముక్తేశ్వరంలో కారు బాడుగకు తిప్పే ఈ మనిషి కుదురుగా కూర్చుని టీ తాగగా చూసినవాళ్లు లేరు. ధనుర్మాసం వచ్చిందంటే మరీను. ముసలి డీజిల్ కారు మంచులో ఒకసారి ఆగిందా, నలుగురు తోస్తేగాని కదలదు. అలా తోయించుకోవడం అతనికి తల కొట్టేసినట్టుండేది. అందుకని ఎండెక్కే దాకా ఇంజన్ ఆపేవాడు కాదు.

రిటైరైన టీచరు శ్యామలాంబగారిని డయాలసిస్‌కి అమలాపురం తీసుకెళ్లేది అతనే. వెనక సీట్లో ఆవిడ ఎప్పుడూ కళ్లు మూసుకునే ఉండేవారు. నిద్ర కాబోలనుకునేవాడు. దారిలో లోవమ్మ టీకొట్టు దగ్గర, ఆవిడకు చలి తగలకుండా అద్దాలు బిగించి, హీటరు పెట్టి, ఇంజన్ అలాగే వదిలి దిగేవాడు. అదో సేవ అనుకునేవాడు, పాపం.

కానిస్టేబుల్ వెంకన్న ఓసారి పట్టుకున్నాడు.

"బండి రోడ్డు మీద నిలబెడితే సీట్లో డ్రైవరైనా ఉండాలి, ఇంజన్ ఆపి బ్రేకైనా వెయ్యాలండీ. చట్టం అది."

"ఆయ్. ఆ చట్టం రాసినోరు ఎప్పుడైనా నా కారు తోసేరేంటండీ?"

కొట్టు దగ్గరివాళ్లంతా నవ్వారు.

కొబ్బరికాయల బస్తాలు మోసి మోసి ఆ కారు డిక్కీ వంగిపోయింది. మూత పడక తాడుతో కట్టేవాడు. కారు నిలబడితే ఆ సందులోంచి పొగ లోపలికొచ్చేది. నడిపేటప్పుడు తన పక్క అద్దం తీసి ఉంచేవాడు గనక అతనికి తెలియలేదు.

ఓ పొద్దున టీ సగంలో ఉండగా కారు అద్దాన్ని వెంకన్న కొడుతున్న చప్పుడు. మళ్లీ చట్టమేనా అని విసుక్కున్నాడు.

"బంగారరాజుగారూ, ఈవిడ పలకట్లేదండీ!"

పైప్రాణాలు పైనే పోయాయి. గ్లాసు పారేసి పరిగెత్తి ఇంజన్ ఆపాడు. ఇద్దరూ ఆవిడను బయట గాలిలోకి మోసుకొచ్చారు. ఎంతసేపటికో ఆవిడ కదిలారు. కారు అక్కడే వదిలేసి, అటుగా వచ్చిన ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

ఆవిడ తేరుకున్నాక అడిగాడు.

"తల తిరుగుతోందని ఒక్క మాట చెప్పకపోయేరా టీచరుగారూ?"

"అక్కడ ఆగినప్పుడల్లా తలపోటేనండీ. మీరంత శ్రద్ధగా అద్దాలు బిగిస్తుంటే, చెబితే నొచ్చుకుంటారేమోనని..."

కోనసీమ మర్యాద తగలెయ్య! ప్రాణం మీదికొచ్చినా ఎదుటివాడి మనసు నొప్పించం. బంగారరాజు పసివాడిలా ఏడ్చాడు.

డిక్కీ బాగు చేయించాడు. ఇప్పుడు కొట్టు దగ్గర ఇంజన్ ఆపేస్తున్నాడు. వెళ్లేటప్పుడు వెంకన్నతో సహా నలుగురు తోస్తున్నారు. ఏ ఇబ్బందైనా మొహమాటం లేకుండా చెప్పాలని శ్యామలాంబగారి చేత ఒట్టు వేయించుకున్నాడు కూడా.

మొన్న కారు కదలగానే ఆవిడ గొంతు సవరించుకున్నారు.

"చెప్పమన్నారు గనక చెబుతున్నానండీ. మీరు మరీ జోరుగా తోలుతారు. మీ కారెక్కిన మొదటి రోజు నుంచీ భయంతో కళ్లు మూసుకునే కూర్చుంటున్నాను."

"ఆయ్" అన్నాడు బంగారరాజు, నీరుగారిపోయి.

ఆ రోజు సైకిళ్లు కూడా వాళ్లను దాటిపోయాయి. అమలాపురం దాకా ఆవిడ కళ్లు తెరుచుకునే ఉన్నారు.