సొనకు నూనె ఉంది

ప్రియ సహోదరులారా, మా బావగారు ప్రభువునందు నిద్రించారు. చాట్రాయి మామిడి తోటనుంచి అక్క పంపిన కబురు అందేసరికి నేను నూజివీడులో ప్రసంగం మధ్యలో ఉన్నాను. అక్కడే ఆపేసి బయల్దేరాను. నా నోరు ఆగడమంటే చిన్న సంగతి కాదని మీకు తెలుసు.

ఆయన మెడికల్ కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెప్పేవారు. మూత్రపిండాలు చెడినవాళ్ళ రక్తంలో పేరుకునే విషాలేమిటో వెతకడం ఆయన పని. చివరికి ఆ జబ్బే ఆయనకూ వచ్చింది. "ఇన్నాళ్ళూ పరాయివాళ్ళ రక్తం అడుక్కున్నాను. ఇప్పుడు ఇంట్లోనే దొరుకుతోంది," అని నవ్వితే అక్క చేతిలో గరిటె విసిరేసింది.

నేను ఏ వాక్యం చెప్పినా "ఎలా తెలుసోయ్ బామ్మర్దీ?" అనేవారు. బలిపశువు మూత్రగ్రంథులు, అంటే ఈ మూత్రపిండాలే, రెండూ బలిపీఠం మీద దేవునివేనని మోషే ధర్మశాస్త్రంలో చూపించిన రోజు మాత్రం కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "పిడికెడంతే ఉంటుంది. ఒంట్లో రక్తమంతా మళ్ళీ మళ్ళీ దాని గుండానే పోవాలి. ఏది ఉంచాలో, ఏది పంపాలో దానికెవరు చెప్పారంటావ్?" అన్నారు. ఆ రోజు ప్రసంగం ఆయనది, వినడం నాది.

మా సంఘంలో తొలి కోత బుట్టను ప్రార్థన పందిట్లో పెడతాం. చెట్టున పండిన మొదటి పండు తోటవారు తింటేగాని ఎవరూ ముట్టరు. ఈ వేసవిలో తొలి బుట్ట అక్కావాళ్ళ తోటది కావడంతో ఆ పండు బావగారి చేతికొచ్చింది. ఆయన తినకూడదు. అందులోని పొటాషియం ఒంట్లోంచి బయటికి పోక గుండెను ఆపేస్తుంది.

"ప్రార్థన చేసిన పండు బాబూ, ఏం చెయ్యదు, తినండి," అంది సంఘంలోని ముసలమ్మ. అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు. నా జేబులో, ప్రార్థన చేసి రోగుల తలకు రాసే నూనె సీసా ఉంది.

ఆయన పండు వాసన చూసి ముసలమ్మ చేతిలో పెట్టారు. "నా బదులు మీరు తినండమ్మా." తర్వాత బుట్టలోంచి పచ్చికాయ తీసి తొడిమ తుంచారు. సొన మణికట్టు మీద చిమ్మింది. నీళ్ళు పోయించుకున్నారు. పోలేదు.

"చూశారా? పట్నంలో మిషను నా రక్తం కడుగుతుంది. కొన్ని విషాలు పోతాయి. కొన్ని మాత్రం రక్తంలోని మాంసకృత్తుల్ని ఇలాగే పట్టుకుంటాయండీ. ఎంత కడిగినా వదలవు."

నావైపు చెయ్యి చాపారు. "ఏదోయ్ నీ నూనె?"

పోశాను. రుద్దగానే సొన జారిపోయింది.

"సొనకు నూనె ఉంది. ఆ విషానికేముందో ఇంకా వెతుకుతున్నాం. మీరు ప్రార్థన ఆపకండి, మేం వెతకడం ఆపం."

 నేను అక్కడే ప్రార్థన మొదలుపెట్టాను.

బావగారు పరిశోధన కోసం తన రక్తమే తీయించి, ఆ గొట్టాలను ఐసులో పెట్టి, ఎండుగడ్డి పరిచిన మామిడి బుట్టలో సర్ది, బస్సులో కాలేజీకి, శిష్యులకు పంపేవారు. చివరి ఉదయం కూడా రక్తం తియ్యమన్నారట.

నేను తోటకు వెళ్ళేసరికి అక్క ఆయన పక్కన లేదు. బుట్ట పట్టుకుని రోడ్డు మీద నిలబడింది. "ఏడవడానికి తర్వాత టైముంది. ఐసు కరిగిపోతోందిరా, ముందు బస్సాపు!" అంది.

హనుమాన్ జంక్షన్ బస్సు ఆగింది. కండక్టరు మారుమాట లేకుండా బుట్టను ఒళ్ళో పెట్టుకున్నాడు. బస్సు కదిలాక గడ్డిలోంచి కారుతున్న నీళ్ళు మెట్ల మీదుగా దుమ్ములో పడుతూ, చుక్క వెనక చుక్కగా, తోటల మధ్య దూరమైపోయాయి.