బంపరుకి కొమ్ములు

చోడవరంలో మా ఇంటికి రెండు సందుల అవతల కార్లకి రంగులేసే షెడ్డొకటుంది. గాలి అటునుంచి వీచిన రోజు థిన్నరు వాసన మా వంటింటి దాకా వచ్చేస్తుంది, ఇంగువ పోపు వేసినా ఆ వాసనే గెలుస్తుంది. ఆ షెడ్డు వాళ్లతో నేను దెబ్బలాడని నెల లేదు. అలాంటిది మొన్న కార్తీకం వెళ్లేక నా కాళ్లతో నేనే నడిచి వెళ్లి, ఆ వాసన నట్టనడుమ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను, మా నాన్న కారు కోసం.

నాన్న శ్రావణంలో పోయేడు. ఆయన పాత హ్యాచ్‌బ్యాక్ కారు రంగంతా పెచ్చులూడి, తలుపుల కింద తుప్పు పట్టి, మా వాకిట్లో మిగిలింది. తమ్ముడు రవి విశాఖపట్నంలో ఫ్యాక్టరీ ఉద్యోగి. కారుకి ఏమేం చేయించాలో ఫోన్లో బొమ్మలు చూపించేడు: ఒళ్లంతా బూడిదరంగు, టాపు నలుపు, తలుపుల పొడవునా మెరిసే పట్టీలు, కిటికీలకి జల్లు లోపల పడకుండా వానరెక్కలు, ముందూ వెనకా కొత్త బంపర్లు. నీ పెళ్లిలో నీ పెళ్లాం కూడా ఇన్ని నగలు పెట్టుకోలేదు కదరా అన్నాను. నవ్వేడు గానీ తగ్గలేదు. వాదించి వాదించి పాత మీగడరంగే ఖాయం చేయించేను. పట్టీలు కూడా ఉన్న నల్లరబ్బరువే ఉండాలన్నాను, సరే అన్నాడు. ముందు బంపరు దగ్గర మాత్రం మొండికేసేడు. బీటలు వారిపోయింది, పైగా రెండు కొసలా ఆ ఎర్రరంగు మరకలేటి అసయ్యంగా, అన్నాడు.

మరకలు. అది మా అప్ప వేసిన రంగు.

మా వైపు అక్కని అప్ప అంటాం. విశాఖ వెళ్లేక వీడు నాగరీకం నేర్చి నన్ను అక్కా అంటున్నాడు గానీ, సత్యవతి మాత్రం మా ఇద్దరికీ అప్పే. అప్ప పోయేనాటికి వీడు ఉయ్యాల దిగని గుంటడు. వీడికేం తెలుసు?

మా ఊరు వడ్డాది అవతల. చలికాలం వచ్చిందంటే ఊరంతా బెల్లం వాసనే. తెల్లారకముందే పొయ్యి కింద చెరకుపిప్పి ఎగదోస్తుంటే ఆ పొగా మంచూ కలిసిపోయి ఏది పొగో ఏది మంచో తెలిసేది కాదు, పెద్ద పెనంలో పాకం బుడబుడమంటూ పొంగుతుంటే నురగ తీసే మనిషి చుట్టూ మేం ఈగల్లా ముసిరేవాళ్లం, కొబ్బరాకు మట్ట మీద వాడు పోసే వేడి పాకానికి నాలిక కాల్చుకుని, ఆ మంట తగ్గడానికని మళ్లీ పాకమే నాకేవాళ్లం. చెరకు తోలడానికి నాన్నకి ఎడ్లబండి ఉండేది. మైలోడు, పుల్లోడు అని రెండెడ్లు. నాన్న మాతో మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు గానీ ఆ ఎడ్లతో మాత్రం ఊరి సంగతులన్నీ చెప్పేవాడు, ఎవరింట్లో పెళ్లి కుదిరిందో, ఎవరి చెరకు ఎర్రకుళ్లు పట్టిందో. అవి నెమరేస్తూ వినేవి. మా కంటే బుద్ధిగా వినేవి, అది ఒప్పుకోవాలి.

కనుమనాడు వాటికి రాజభోగం. నాన్న ఊరి వాగు గెడ్డలోకి దింపి గడ్డితో ఒళ్లు తోమేవాడు, అమ్మ పసుపూ కుంకమా పెట్టి, మొదటి వాయి గారెలు ఆ రెండింటికీ తినిపించేక గానీ మాకు పెట్టేది కాదు. కొమ్ములకి రంగు వెయ్యడం మాత్రం అప్ప పని. ఈతమట్ట పుల్ల కొస నమిలి నమిలి కుంచె చేసేది, ఆ పూటంతా దాని నోట్లో పీచే. ఎర్ర రంగులో ముంచి కొమ్ము కొసనుంచి కిందికి చుట్టూ తిప్పుకుంటూ వచ్చి, చివర్న చెయ్యి విదిల్చేది. దానిది ఎడమచేతివాటం కావడంతో ఆ విదిలింపు దగ్గర రంగు ఎడమవైపు చిన్న తోకలా వంగి ఆగేది. నేనొకసారి కుంచె లాక్కుని వేస్తే మైలోడు తల విదిలించి నా పావడా నిండా రంగు చేసేడు. "నువ్వు నోరు మూసుకుని వెయ్యవే, దానికి నీ వాగుడు పడదు" అంది అప్ప. నోరు మూసుకోవడం నా వల్ల ఎప్పుడైంది?

నేను ఏడో తరగతిలో ఉండగా వానాకాలంలో మైలోడు చచ్చిపోయేడు. జోడు పోయిన పుల్లోడు గడ్డి ముట్టలేదు, కాడి అవతలి వైపుకే చూస్తూ నిలబడేది. చూడలేక నాన్న దాన్ని అమ్మేసి, ఆ తర్వాత కొన్నాళ్లకి అనకాపల్లిలో ఒక బెల్లం వర్తకుడు వాడి వదిలేసిన ఈ కారు తెచ్చేడు. ఊరు నవ్వింది. ఎడ్లు తోలినోడు కారు తోలతాడంట అని. మొదట్లో నాన్న మలుపు తిప్పాల్సిన చోట హారను కొట్టడానికి బదులు నాలికతో అదిలించేవాడు, వెనక సీట్లో మేం చున్నీలు నోట్లో కుక్కుకునేవాళ్లం. ఆ సీటు మీద బెల్లం దిమ్మలే ఎక్కువ ప్రయాణం చేసేయి కాబట్టి వేసవిలో కూర్చుంటే బట్టలకి అంటుకునేది, చీమలు మాతోపాటు చోడవరం సంతకొచ్చి మళ్లీ మాతోనే వెనక్కొచ్చేవి.

ఆ ఏటి కనుమ వచ్చింది. వీధిలో అందరి ఎడ్లూ గజ్జెలు మోగించుకుంటూ గెడ్డకెళ్తున్నాయి. నాన్న ఖాళీ పాక ముందు పలుపుతాడు పట్టుకుని కూర్చున్నాడు, ఎవరు పలకరించినా తలెత్తలేదు. అమ్మ గారెల పిండి రుబ్బడం ఆపి గుమ్మంలోకొచ్చి చూసి, మళ్లీ లోపలికెళ్లిపోయింది. అప్ప మాత్రం ఈతపుల్ల నములుతూ వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు బంపరు కొస మీద చెయ్యేసింది.

"నాన్నా, ఇవే దీని కొమ్ములు" అంది.

నాన్న తిడతాడనుకున్నాను. పలుపు పక్కన పడేసేడు. లేచెళ్లి గూట్లోంచి ఎర్రరంగు డబ్బా తెచ్చి మూత తీసి దాని పక్కన పెట్టేడు. అప్ప వేసింది, అదే చుట్టు, అదే విదిలింపు, అదే తోక. అమ్మ పసుపూ కుంకమా తెచ్చింది. గారె ఎక్కడ పెట్టాలన్న దాని మీద నేనూ అప్పా కొట్టుకున్నాం. చివరికి నాన్నే ఆ గారె తినేసి, చాన్నాళ్ల తర్వాత పెద్దగా నవ్వేడు.

ఆ వేసవిలో అప్పకి పచ్చకామెర్లొచ్చేయి. పసరు మందన్నారు, పథ్యం అన్నారు, తగ్గుతుందన్నారు. కళ్లు పసుపుముద్దలయ్యేక నాన్న దాన్ని బెల్లం మరకల సీటు మీద పడుకోబెట్టుకుని విశాఖపట్నం తీసుకెళ్లేడు. తిరిగి తెచ్చింది కూడా ఆ కార్లోనే. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, మలుపు దగ్గర ముందుగా ఆ రెండు ఎర్ర కొసలే కనిపించేయి.

మా ఊళ్లో చావు జరిగిన ఇంట ఏడాది తిరిగేదాకా పండగుండదు. ఆ ఇంటి ఎడ్లు కూడా ఉత్త కొమ్ములతోనే తిరుగుతాయి. తర్వాతి కనుమకి మా పొయ్యి మీద మూకుడు ఎక్కలేదు. ఆ తర్వాత ఏళ్లలో పండగైతే వచ్చింది గానీ ఎవరూ రంగు ఊసెత్తలేదు. నాన్న మాత్రం కనుమనాడు మేం లేవకముందే కారు కడిగేసి, ఏం ఎరగనట్టు అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు.

అప్ప వేసిన ఎరుపు మాత్రం వెలిసిపోలేదు. దాని మీద ఎంతమందితో వాదించేనో. ఆ రోజుల్లో రంగులంటే రంగులు, ఇప్పటి కల్తీ సరుకు కాదు అని గట్టిగా చెప్పేదాన్ని. కనుమనాడు బంపరు ముట్టుకుంటే వేలికి ఎర్రగా అంటుకునేది కూడాను. అమ్మ చీర కుచ్చిళ్లకి ఒకసారి అంటింది. నేనప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చదువుతున్నాను కదా, నూనెరంగు ప్లాస్టిక్ మీద ఎన్నేళ్లయినా పూర్తిగా ఆరదు, మంచుకి మెత్తబడుతుంది అని అమ్మకి పాఠం చెప్పేను. అమ్మ విని, నా మొహం ఒకసారి చూసి, చీర కిరసనాయిలుతో తుడుచుకుంది. ఇప్పుడు అడుగుదామంటే అమ్మా లేదు.

మొన్న షెడ్డులో, ఆ ఎరుపు అప్ప వేసిందని చెప్పేక కూడా రవీ నేనూ బంపరు గురించి అరుచుకుంటుంటే, రంగులేసే అప్పలరాజు ఒక రాజీ మాట చెప్పేడు. కొస మీద కాస్త గీకి చూస్తాడట, కింద ప్లాస్టిక్ గట్టిగా ఉంటే బీటలు పూడ్చి పాతదే ఉంచొచ్చట. సరే కాస్తే గీకు అన్నాను. ఉప్పుకాయితం తడిపి రుద్దడం మొదలెట్టేడు. ఎర్రనీళ్లు కారేయి. తుడిచి మళ్లీ రుద్దేడు. మళ్లీ ఎర్రనీళ్లే. కాసేపటికి విసుక్కున్నాడు.

"ఇదేటమ్మా, ఎంత గీకినా ఎర్రే వస్తంది."

వంగి చూసేను. గీకిన చోట ఒకదానిలోపల ఒకటి గీతలు, ముసలెద్దు కొమ్ము మీద వలయాల్లాగ. ఒక ఎరుపు, సన్నటి దుమ్ముగీత, దాని కింద మరో ఎరుపు, మళ్లీ దుమ్ము. ఒక్కో ఎరుపూ ఒక్కో తీరు, ఒకటి కుంకంరంగు, ఒకటి ఇటుకరంగు, ఏ ఏడు బజార్లో ఏది దొరికితే అది. పై పూత చివర ఎడమవైపు వంగిన తోక ఉంది. మా నాన్నది కుడిచెయ్యి.

రవిని జబ్బ పట్టుకుని దగ్గరికి లాగేను. వాడు బంపరు ముందు గొంతుక్కూర్చుని ఆ గీతల్ని వేలితో తడిమి, "నాన్నేనా?" అన్నాడు. తలూపేను.

"అట్టడుగున అప్పది ఉంటాది కదక్కా. ఇంకా గీకితే కనబడుద్ది" అన్నాడు. వాడికి అప్ప మొహమైనా గుర్తులేదు, ఆ ఒక్క పూతైనా చూద్దామని వాడి ఆశ. అప్పలరాజు కాయితం పట్టుకుని నా వైపు చూసేడు.

అప్పని చూడాలంటే నాన్నని గీకెయ్యాలి.

"ఆపెయ్ బాబూ" అన్నాను. రవి లేచి మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికెళ్లేడు.

పుష్యం రాకముందే కారు ఇంటికొచ్చింది. ఒళ్లంతా కొత్త మీగడరంగు, తలుపులకి నల్లరబ్బరు పట్టీలు, బీటలు పూడ్చిన పాత బంపరు, దాని కొసలు మాత్రం గీకిన చోట గీకినట్టే. మొన్న కనుమనాడు తెల్లవారగానే వాకిట్లోకెళ్లేను. గజ్జెల చప్పుడు లేదు, చోడవరం వీధుల్లో ఎడ్లేవి? మా ఊరెళ్లినా లేవు, చెరకు ట్రాక్టర్ల మీద పోతోంది. ఈతపుల్ల నమిలేవాళ్లూ లేరు. రెండు పొయ్యిల గ్యాసు మీద నేను గారెలు వెయ్యలేదు, నాన్న పోయి ఏడాది తిరగలేదు కదా.

మంచులో తడిసిన ఆ బంపరు కొస మీద చెయ్యేసి కాసేపు ఉంచేను. తీసి వెలుతుర్లో చూసుకున్నాను.

వేలికి రంగు అంటలేదు.