ఎడ్విన్ గారి కాగితం కోను

ఎవరింటికి వెళ్ళినా అక్కడి స్పీకరును గోటితో మీటి చూడందే ఎడ్విన్ గారు కుర్చీలో కూర్చోరు. తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగు పాఠాలు చెప్పే మనిషి. ఆయన్ని పెళ్ళికి తీసుకెళ్ళడమంటే భార్య పెర్సిస్ గారికి ప్రాణసంకటం. జనమంతా వధూవరుల్ని దీవిస్తుంటే ఈయన తల సౌండు బాక్సులో ఉంటుంది.

"రేకు పళ్ళెం మీద గరిటె పడితే ఎంతసేపు మోగుతుందండి? విస్తరాకు మీద పడితే?" అని కాఫీ ఇవ్వబోయిన వాళ్ళనల్లా అడుగుతారు. "స్పీకరు లోపల గరాటులా ఉండి అదిరే కోనూ అంతే. తేలిగ్గా ఉండాలి, బిగువుగా ఉండాలి, మాట అయిపోగానే నోరు మూసుకోవాలి. ఆ మూడో గుణం కాగితానిదండి."

"మిమ్మల్నీ కాగితంతోనే చేయించాల్సిందండి," అనేవారు పెర్సిస్ గారు.

స్పీకరు పెట్టె గోడలు అదిరితే అవీ మధ్యలో గొంతు కలుపుతాయట. అందుకని లోపల దూది కూరాలట. ఆ ఇంట్లో దిండ్లు ఏటికేడాదీ చిక్కిపోతూ వచ్చాయి.

2004లో వాళ్ళు వెళ్ళే గుండుగొలను చర్చికి చేపల చెరువుల జేమ్స్ గారు కొత్త స్పీకర్లు ఇచ్చారు. వెండిలా మెరిసే లోహపు కోన్లు. ఎడ్విన్ గారు వాటికి వేసిన దండ పక్కకి జరిపి మీటారు.

"ఎలా ఉందండీ? గుండెల్లో గుద్దట్లేదూ?" అన్నారు జేమ్స్ గారు.

"గుద్దుతుందండి. మాట మాత్రం చెవిలోకి రాదు."

పెర్సిస్ గారు తలొంచుకుని చెప్పులు వెతుక్కున్నారు.

ఆ శనివారం ఇంట్లో చూస్తే, ఎడ్విన్ గారు ఎవర్నీ ముట్టుకోనివ్వని సొంత స్పీకర్లకి రెండు గుండ్రటి కన్నాలు. మంచం మీద ఒక్క దిండూ లేదు.

"ఆ లోహపువి తీసేసి నా కాగితం కోన్లు చర్చి పెట్టెల్లో బిగించానులే. రేపు క్రీస్తుదాసు మాస్టారు వాక్యం చదువుతారు."

పెర్సిస్ గారు దిండు లేని మంచం మీద కూర్చుండిపోయారు. గొంతు ఆపరేషనయ్యాక మాస్టారి మాట దారప్పోగులా అయిపోయింది. కిందటేడు చదవబోతే వెనకనుంచి ఎవరో "వినబడట్లేదండీ" అన్నారు. ఆయన పుస్తకం మూసి కూర్చున్నారు, మళ్ళీ ఎప్పుడూ చదవడానికి లేవలేదు. రేపూ అలాగే అయితే ఇంక చర్చికే రారు.

"మాస్టారు ఎలా ఒప్పుకున్నారండీ?"

"అరవక్కర్లేదన్నాను. ఆ పని కాగితం చూసుకుంటుందన్నాను."

ఆదివారం మాస్టారు నిలబడి నోరు విప్పారు. ఆ సన్నటి గొంతే, ఏ మాటకామాట విడివిడిగా, చివరి వరసలో చెవులు సరిగ్గా వినబడని హన్నమ్మ గారి దాకా వచ్చింది.

"మాస్టారే," అందావిడ. "కాస్త జలుబు చేసినట్టుంది."

అధ్యాయం అయింది. మాస్టారు తలెత్తి అందర్నీ చూశారు. ఈసారి వెనకనుంచి వినబడట్లేదన్నవాళ్ళు లేరు. పేజీ తిప్పి రెండోది మొదలుపెట్టారు. తర్వాత మూడోది. బయట, ఆరాధనయ్యాక అందరికీ పెట్టే ప్రేమవిందు బిర్యానీ చల్లారిపోతోంది.

జేమ్స్ గారు మెల్లగా లేచి గుమ్మం వైపు జరిగారు. అక్కడ పెర్సిస్ గారు అడ్డంగా నిలబడి ఉన్నారు.

"కూర్చోండి అన్నయ్యగారూ," అన్నారు మెత్తగా. "నాలుగో అధ్యాయం ఇంకా బావుంటుందండి."