తడి ఆరని బండలు

కృపమణి కన్నెర్ర చేస్తే బేతంచెర్ల బండ రెండు ముక్కలయ్యేది. సరే, ముక్కలయ్యేది కాదు. లోపల పగులుంటే దాచుకోలేక బయటపెట్టేది. ఆ మాత్రమైనా ఒప్పుకోవాలి.

పాలిష్ ఫ్యాక్టరీలో ఆమె, భీమమ్మ ఎదురెదురుగా స్టూళ్ల మీద కూర్చుని బండలు చూసేవారు. తడి గోనెపట్టాతో తుడిచి, ఆరేదాకా ఆగాలి. బండంతా ఆరిపోయినా పగులున్న చోట నల్లటి గీత తడిగా మిగులుతుంది. దానికి సుద్దముక్కతో ఇంటూ గుర్తు. మంచి బండకు టిక్కు. ఆ ఆగే కాసేపట్లోనే వాళ్ల కాపురాలు, కోడళ్ల మీద చాడీలు అన్నీ నడిచేవి.

ఈ మధ్య ఓనరు కెమెరా మిషను తెచ్చాడు. బండ దాని కింద పోతుండగానే ఎర్ర లైటో పచ్చ లైటో వెలుగుతుంది. అది చాడీలు చెప్పదు, ఒంటికి పోదు.

సూపర్‌వైజరు పరమేష్ తల గోక్కుంటూ వచ్చాడు. "ఇంగ ఒకరే సాలంటాండాడు ఓనరు. రేపు ఇద్దరూ సూడండి. మిషనుతో ఎవరిది ఎక్కువ కలిస్తే వాళ్లుంటారు. నన్ను తిట్టాకండమ్మా."

"నిన్నెందుకు తిడతాం లేప్పా! రేపు నీ మింద గూడా ఒక కెమెరా పెడతారు," అంది భీమమ్మ.

నవ్వింది గానీ, చేతిలో సుద్దముక్క విరిగింది. ఆమె మొగుడు గోపన్న రాతిదుమ్ముకు ఊపిరి చెడి మంచం పట్టాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె కూలితోనే. కృపమణి మొగుడు లేవి ఇంకా లారీ తోలుతున్నాడు. అయినా ఈ పని పోతే కృపమణికి మిగిలేది గనిలో రాళ్ల తట్టలే. మోకాళ్లు ఇప్పటికే మొరాయిస్తున్నాయి.

మర్నాడు కృపమణి బండలు తుడిచింది, ఆరేదాకా ఆగలేదు. పగులున్నవాటికీ లేనివాటికీ తడి మీదే టిక్కులు పెట్టుకుంటూ పోయింది.

భీమమ్మ చూసి అదిరిపడింది. "అక్కా, ఏం జేస్తాండావు? ఆరనీ!"

"నీ బండ నువ్వు సూసుకోమే."

భీమమ్మ మిగిలింది. ఇప్పుడామె బండలు చూడదు. దుమ్ము పడితే మిషనుకు చూపు ఆనదట. పొద్దస్తమానం నిలబడి దాని అద్దం తుడుస్తుంది. స్టూళ్లు రెండూ తీసేశారు.

ఒక ఆదివారం ఆమె చర్చి బయట కాచుకుని, కృపమణి రాగానే చెయ్యి పట్టుకుంది.

"నాకోసరమే గదక్కా, కావాల్నని తడి మింద గుర్తులేస్తివి? ఊరంతా అదే చెప్పుకుంటాండారు."

కృపమణి మెట్టు మీద కూలబడి, కళ్లు మూసుకుని మోకాలు నొక్కుకుంది.

"అంతా అబద్ధం," అంది. "నేను అన్నీ ఆరినంకనే సూసినా."