ఒళ్ళు విదల్చని పొట్టేలు

1985 మార్చి 9, శనివారం. నరసరావుపేట నుంచి బయల్దేరినవారు: నేను, చెల్లెలు సుబ్బాయమ్మ, బుడ్డోడు. బుడ్డోడంటే పొట్టేలు. డైరీలో వాడి పేరు కూడా రాయమని చెల్లెలే చెప్పింది.

రెండేళ్ళ కిందట సుబ్బాయమ్మ మనవడికి పచ్చకామెర్లు ముదిరాయి. బిడ్డ బతికితే మా అమ్మ పుట్టిన ఊళ్ళోని పోలేరమ్మకు పొట్టేలునిస్తానని మొక్కుకుంది. బిడ్డ బతికాడు. మొక్కిన నాడే తెచ్చిన గొర్రెపిల్ల ఇప్పుడు నడుమెత్తు పొట్టేలైంది. అమ్మవారి సొత్తు మైలపడకూడదని రోజూ పొద్దున్నే పోలేరమ్మ పేరు చెప్పి దాని వీపు మీద పసుపునీళ్ళు పోసి, పాత చీరముక్కతో తుడిచేది. నేను పశువుల ఆసుపత్రిలో ముప్పై ఒక్కేళ్ళు కాంపౌండరుగా చేసి రిటైరైనవాణ్ణి. జీవాన్ని పట్టుకోవటం తెలుసని నన్ను తోడు రమ్మంది.

6.20 బస్సులో పిడుగురాళ్ళకు బయల్దేరాం. కండక్టరు పొట్టేలును ఎగాదిగా చూశాడు.

"మనుషులకి టిక్కెట్టు, దీనికి లగేజీ. కొమ్ములు ఎవరికన్నా తగిలితే ఆడికాడే దించేస్తా."

"అది మనుషులకన్నా నెమ్మది నాయనా," అంది సుబ్బాయమ్మ.

"అయితే కిటికీ పక్కన కూచోబెట్టమ్మా, గాలొస్తది."

పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల తెల్లదుమ్ము ఇళ్ళమీదా చెట్లమీదా పరుచుకుని, ఊరు ఇంకా నిద్రలేవనట్టుంది. మాచర్ల పాసింజరు యాభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. చివరి పెట్టెలో తలుపు పక్కన చోటు దొరికింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళు తాగే నీళ్ళు ఇంటి దగ్గరే నింపుకోవటం మంచిది.

నడికూడిలో ఇంజను చాలాసేపు నీళ్ళు పట్టింది. అక్కడ పానాల సంచీతో ఒక ముసలాయన ఎక్కాడు. పేరు మస్తాను, గురజాలలో ఆయిలింజన్లు బాగుచేస్తాడు. కూర్చోగానే బుడ్డోడి మెడ నిమిరాడు.

"మొక్కుబడా అక్కా?"

సుబ్బాయమ్మ తలూపింది. తర్వాత ఆమే అడిగింది. "మీ పండక్కి కోసేదాన్ని కూడా ఇంట్లో పెంచుతారంటగా? ప్రాణం ఎట్టా ఒప్పుద్ది?"

"ఒప్పదు. మా అబ్బ అనేవాడు, ఏడుపు రాకుండా ఇస్తే అది ఖుర్బానీ కాదు, కసాయి పని అని."

"మరి మీకొచ్చిద్దా?"

"అరవై ఐదేళ్ళొచ్చినా వచ్చిద్ది. మా ఆడోళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతారు."

గురజాలలో ఆయన దిగిపోయాడు. రైలు కదిలాక కిటికీలోంచి ఎండు మిరపకాయల ఘాటు, బొగ్గు పొగ కలిసి వచ్చాయి. కళ్ళాల్లో ఆరబోసిన మిరప ఎర్రటి నీటిమడుగుల్లా వెనక్కి జారిపోతోంది. పొట్టేలు తల చెల్లెలి ఒళ్ళో ఉంది. ఇద్దరికీ ఒకేసారి కునుకు పట్టింది. నాక్కూడా కళ్ళు మూతపడ్డాయి. రెంటచింతల ఎప్పుడు దాటిందో తెలియలేదు. ఏ కొట్టంలోనో మా అమ్మ గొర్రెల్ని లెక్కపెడుతున్నట్టు వినపడింది.

1.10కి మాచర్ల. స్టేషను బయట పులిహోర పొట్లం విప్పుకుని తిన్నాం. 3 గంటలకు వెల్దుర్తి బస్సు, అక్కణ్ణుంచి ఎద్దులబండి. దీపాలు పెట్టే వేళకు ఊరు చేరాం. పూజారి వెంకటయ్య తన వసారాలో రెండు నులకమంచాలు వేయించాడు.

ఆదివారం, 9.30. గుడి ముందు నాపరాళ్ళ మీద యాభై మంది దాకా ఉన్నారు. ఇక్కడి పద్ధతి ఇది: పొట్టేలు వీపు మీద వేపమండతో పసుపునీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మ పుచ్చుకున్నట్టు. విదిలించేదాకా కత్తి ఎత్తకూడదు.

వెంకటయ్య నీళ్ళు చల్లాడు. బుడ్డోడు కదల్లేదు. చెంబెడు పోశాడు. బుడ్డోడు కళ్ళు అరమూసి వీపు ఇంకాస్త ముందుకు జరిపాడు.

"ఏందిరా, పెళ్ళికొడుకు మంగళస్నానానికి నిలబడ్డట్టు నిలబడ్డది," అన్నాడొకడు. అంతా నవ్వారు.

మూడోసారికి నవ్వు ఆగిపోయింది. "మొక్కులో ఏదో లోపముంది," అన్నారెవరో. సుబ్బాయమ్మ ముఖం పాలిపోయింది.

"చెవులో చుక్కెయ్యండి, దులపకేం జేస్తది," అని ఒక పెద్దాయన సలహా. వెంకటయ్య చెంబు నా చేతికిచ్చాడు. "కాంపౌండరు గారూ, తమకి తెలిసిన పనేగా."

తెలిసిన పనే. ఒక్క చుక్క చాలు. చెల్లెలి దగ్గరికెళ్ళి, "ఏం చెయ్యమంటావు సుబ్బులూ?" అన్నాను.

"నన్నడగమాక అన్నయ్యా. పొయ్యమంటే ఈడు పోతాడు. ఒద్దంటే ఆ పసోడికేమైద్దో. నా నోటితో ఏదీ అనలేను."

చెంబు కింద పెట్టాను. ముప్పై ఒక్కేళ్ళలో వేల జీవాలకు సూదులేశాను, ఏ దేవుడి గురించీ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పూట తెలిసిందే చెప్పాను.

"ఇందులో లోపమేమీ లేదు వెంకటయ్యా. రెండేళ్ళుగా ఈమె రోజూ పసుపునీళ్ళు పోసి తుడుస్తోంది. వాడికి నీళ్ళంటే అలవాటు. అందుకే విదల్చటం లేదు."

వెంకటయ్య గుడిలోకి చూసి, పొట్టేలును చూసి, నన్నడిగాడు.

"రోజూ అమ్మ పేరు చెప్పే పోసిందా?"

"చెప్పే పోశా," అంది సుబ్బాయమ్మ.

"అయితే మొదట్లో, పిల్లప్పుడు, దులిపేదా?"

"ఒళ్ళంతా దులిపేది. నా చీరంతా తడిపేది."

"మరింకేం. అమ్మ ఆనాడే పుచ్చుకుంది. పుచ్చుకున్నదాన్ని మళ్ళీ కొయ్యటమేంది?" కత్తి పట్టుకున్నవాణ్ణి పక్కకు జరగమన్నాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, "మొక్కు తీరింది తల్లీ. కానీ ఇది మీది కాదు, అమ్మది. ఈ ఊళ్ళోనే తిరగాల. తోలుకుపోవటానికి లేదు," అన్నాడు.

ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు అర్థం కాలేదు. బుడ్డోడి మెడలో తాడు తనే విప్పింది.

సోమవారం పొద్దున 6 గంటలు. బండి కట్టించాను. బుడ్డోడు ఊరి మందలో కలిసి, కొండవాలు మీద మంచులో మేస్తున్నాడు. ఏది బుడ్డోడో, ఏది వేరేదో నాకు తెలియలేదు. ఆమెకు తెలిసింది. పిలవలేదు. గుడి గడప ముందు నిలబడి, లోపలికి కాసేపు చూసి వచ్చి బండెక్కింది.

మాచర్లలో రైలెక్కాం. జీవం మీద ప్రేమకు దేవుడి దగ్గర చోటుందా అని నన్నెవరైనా అడిగితే, కొండవాలు మీద ఆ మందను చూడమంటాను. అంతకన్నా నాకు తెలియదు. రెంటచింతల దాకా చెల్లెలు కిటికీలోంచి వెనక్కే చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ గుడికి ఆమె వెళ్ళింది రెండేసార్లు, ఒకసారి మొక్కటానికి, ఒకసారి చెల్లించటానికి.

"అన్నయ్యా, ఈ రైలుబండి రోజూ ఉంటదా?"

"ఉంటుంది."

"వెల్దుర్తి బస్సో?"

"మూడింటికి ఒకటి."

కొంగు ముడివిప్పి, ఆ వేళలు ఒక కాగితం మీద రాసివ్వమంది.