శివజ్యోతి గిటారుకు దొరికిన గొంతు

కోడుమూరులో గిటారు పట్టిన మొదటి ఆడపిల్ల శివజ్యోతి. కర్నూలు కాలేజీలో చదువుతూ నేర్చుకుంది. 2008లో ఒక ఆర్కెస్ట్రాలో చేరింది. ఎలక్ట్రిక్ గిటారు కాబట్టి, దాన్ని వినిపించడానికి ఆంప్లిఫైయర్ ఉండాలి. ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలన్నారు ఆర్కెస్ట్రావాళ్లు. వాళ్లు ఆమెతో వాయించడానికి ఒప్పుకున్న మొదటి పెళ్లి కచేరీ బేతంచెర్లలో.

అన్న ఉమామహేశ్ తన కంప్యూటరులో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. ఏ ఆంప్లిఫైయర్ గొంతునైనా అది అనుకరిస్తుందట. వినడానికి బాగానే ఉంది గానీ, తీగ మీటాక ఒక క్షణం ఆగి గానీ శబ్దం రాలేదు.

"అన్నా, నేను ఈడ మీటితే శబ్దం ఎమ్మిగనూరు పోయి వస్తాండాదే!" అని శివజ్యోతి పడీపడీ నవ్వింది.

తర్వాత తెలిసినవాళ్లను అడిగి ఒక చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్ పెట్టె తెచ్చారు. చంకన పెట్టుకుని బస్సెక్కేయొచ్చు. మెల్లగా వాయిస్తే చక్కగా పలికేది, గట్టిగా పెంచితే రేకు గీకినట్టు అరిచేది.

ఇదంతా చూస్తున్న తండ్రి పెద్ద ఈరన్న అటకెక్కాడు. ఒకప్పుడు ఊళ్లో మైకుసెట్టు ఆయనదే. కొత్త సెట్లు వచ్చాక పిలిచేవాళ్లు లేక, తన పాత వాల్వుల ఆంప్లిఫైయర్‌ను గుడ్డ కప్పి పైన పెట్టేశాడు. ఇప్పుడు దాన్ని దించి, దుమ్ము దులిపి, వైర్లు తగిలించాడు.

"వాల్వులు కాగనీ పాపా, తొందరపడాకు."

వాల్వుల గాజుబుడ్లలో ఎర్రగా వెలుగొచ్చింది. శివజ్యోతి మీటింది. పెంచినకొద్దీ శబ్దం చిక్కబడి, కాస్త జీరతో ఇల్లంతా నిండింది. తల్లి ఉరుకుందమ్మ పిండిచేతులతో బయటికొచ్చింది.

"ఎవురు పాడతాండేది?"

"నీ కూతురి గిటారే!" అన్నాడు ఈరన్న.

"ఇదే కావాల నాయనా. కానీ ఇంత బరువు ఎవరు మోస్తారు?" అంది శివజ్యోతి.

"నేను ల్యానా? నేనొస్తా పా."

బేతంచెర్ల పెళ్లికి ఈరన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆంప్లిఫైయర్‌ను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వెళ్లాడు. అక్కడ బండల వ్యాపారి శివన్న ఆయన్ని చూడగానే గుర్తుపట్టాడు.

"ఈరన్నా! నా పెండ్లికి మైకు పెట్టింది నువ్వే కదప్పా! ఇదే పెట్టె కదా?"

"అదే. ఇప్పుడు నా కూతురిది."

శివజ్యోతి వాయించడం మొదలుపెట్టగానే లారీ డ్రైవర్లు, క్వారీ కూలీలు కుర్చీలు జరిపి చిందులేశారు. పాట అయిపోతే ఊరుకోలేదు, మళ్లీ వాయించమన్నారు. శబ్దం ఇంకాస్త పెంచమని అడుగుదామని ఆమె తండ్రి కోసం పక్కకు చూసింది. ఆయన అక్కడ లేడు. డ్రైవర్ల మధ్యలో తువ్వాలు గిరగిరా తిప్పుతూ ఎగురుతున్నాడు.